ఒకే కాగితం, రెండు నెమళ్లు

ఉస్తాద్ యాదగార్ ఇంట్లో బావా బావమరుదులు మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. మానేశారన్న మాటే గాని మాటలు మాత్రం ఆగలేదు, అన్నీ ఫిరూజా నెత్తిన పడ్డాయి. పొద్దున లేస్తే మొగుడు ఖుర్రం, "నీలం పలకలు బట్టీలోంచి తీశాడో లేదో మీ తమ్ముణ్ణి అడుగు" అనేవాడు. తమ్ముడు బైరాం ఆ పక్కనే కూర్చుని రొట్టె తింటూ అంతా వింటూనే, అక్క తిరిగి అడిగేదాకా నోరు విప్పేవాడు కాదు. అడిగాక, "నిన్ననే తీశానని మీ ఆయనతో చెప్పు" అనేవాడు. ఖుర్రం ఆ మాట చెవిన పడనట్టు గోడవైపు చూస్తూ, భార్య మళ్లీ చెప్పాక తలాడించేవాడు. ఫిరూజాకి అసలే ముక్కు మీద కోపం. ఆ ఇద్దరి తలలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలని రోజూ అనిపించేది.

గొడవంతా ఒక సుత్తి దగ్గర మొదలైంది. యాదగార్ తన చేతి సుత్తిని, జీవితమంతా పింగాణీ పలకలు చెక్కి చెక్కి పిడి అరిగిపోయిన ఆ చిన్న సుత్తిని, కన్నకొడుక్కి కాకుండా కాషాన్ నుంచి పని నేర్చుకోవడానికి వచ్చి అల్లుడైనవాడికి ఇచ్చాడు. బైరాం చెయ్యి చురుకైనదే. కాని పనయ్యాక ఏ వస్తువూ దాని చోట పెట్టే అలవాటు వాడికి పుట్టుకతోనే లేదు. ఆకురాయి ఎక్కడ వాడితే అక్కడే, బొగ్గుపొడి మూట విప్పితే విప్పినట్టే. "వాడికిస్తే నా సుత్తి రేపు గచ్చు కుండలో తేలుతుంది" అన్నాడు ముసలాయన, అందరూ వింటుండగానే. బైరాం ఆ రోజే బజారుకెళ్లి ఓ పెద్ద చాప కొనుక్కొచ్చి కార్ఖానా మధ్యలో తెరలా కట్టేశాడు. అటు వాడు, ఇటు బావ. బట్టీ మాత్రం ఒకటే కాబట్టి దాని దగ్గర వంతులు వేసుకున్నారు.

ఇంట్లో ఎంత రభస ఉన్నా ఆ రోజులు మాత్రం మా ఇస్ఫహాన్‌కి మళ్లీ రాని రోజులు. షా ఈ ఊరిని తన రాజధాని చేసుకున్నాక సుత్తి చప్పుడు వినపడని వీధి లేదు. ఒక వీధిలో పట్టు మగ్గాలు, ఇంకో వీధిలో రాగి పళ్లేల మీద తీగలు చెక్కేవాళ్లు, మైదానం పక్కన బంగారు రేకు కొట్టి పుస్తకాలకి అద్దేవాళ్లు. హెరాత్ నుంచి, తబ్రీజ్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో చేతిలో పనున్న ప్రతివాడూ ఇక్కడికే నడిచొచ్చాడు. కాఫీ దుకాణంలో కూర్చుంటే పక్కవాడి గోళ్లు చూసి వాడి పనేమిటో చెప్పేయొచ్చు. అలాంటి ఊళ్లో పెంకు పనిలో మొదటి పేరు యాదగార్‌ది. ఆ పేరు చెప్పుకోవడంలో ఆ ఇంట్లో ఎవరికీ మొహమాటం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

పెంకు పనంటే ఒక్కో రంగు పలకని విడిగా, దానికి తగిన వేడి మీద కాల్చి, పువ్వురేకు ఆకారంలో పువ్వురేకు, ఈక ఆకారంలో ఈక చెక్కి, అంచులు ఆకురాయితో అరగదీసి, ఒకదాని పక్కన ఒకటి సూది దూరకుండా పేర్చడం. పేర్చేది కూడా మెరుగు కిందికి పెట్టి. పైకి కనిపించేదంతా పెంకుల మట్టి వీపే. దాని మీద గచ్చు పోసి, గట్టిపడ్డాక ఎత్తి తిరగేస్తేగాని చేసినవాడికి కూడా తన బొమ్మ మొహం కనపడదు. పైగా అద్దంలో చూసినట్టు అటుది ఇటు, ఇటుది అటు అయి లేస్తుంది. రంగులద్దేవాళ్లకి ఈ బాధేం లేదు. చదరపు పలక మీద ఏడు రంగులూ ఒకేసారి గీసి, ఒకేసారి కాల్చి అవతల పడేస్తారు. మనం ఒక తీగ చెక్కేలోపు వాళ్లు తోటంతా నిలబెడతారు. కాని ఒకే వేడికి ఏడు రంగులు ఎలా పండుతాయి? ఒకటి పండితే ఇంకోటి కమిలిపోతుంది. ఆ మాట యాదగార్ ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేవాడు.

షా కొత్తగా కట్టిస్తున్న మదరసా పనులన్నిటి మీదా అజమాయిషీ మీర్జా ముయీన్‌ది. నున్నటి మనిషి, మాట కూడా నున్నగానే ఉంటుంది. చలికాలం మొదట్లో ఆయన కార్ఖానాకి వచ్చి విషయం తేల్చి చెప్పాడు. సింహద్వారం కమాను మీద చెరోవైపు ఒక నెమలి, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండాలి, అది పెంకు పనే. కొత్త సంవత్సరం నవ్‌రోజ్ నాటికి, షా చలికాలపు విడిది మాజందరాన్ నుంచి తిరిగొచ్చేసరికి, ద్వారం పూర్తయి కళ్లకింపుగా ఉంటే లోపలి ముంగిలి నాలుగు గోడలూ యాదగార్ ఇంటికే. కాకపోతే ద్వారంతో సహా అంతా రంగులవాళ్లకి. ఇక ముందు ఏ కట్టడానికీ పెంకు పని కోసం ఇంత కాలం ఆగే ఓపిక దర్బారుకి లేదని కూడా ఆయన నవ్వుతూనే అన్నాడు.

కుడివైపు నెమలి ఎవరిది, ఎడమవైపుది ఎవరిది? షా గుర్రం మీద వస్తుంటే మొదట కళ్లు పడేది కుడివైపు మీద. చాపకి అటూ ఇటూ ఇద్దరూ కుడివైపు మీదే కన్నేశారు. యాదగార్ తెలివిగా ఆ గొడవని మొదట్లోనే తుంచేశాననుకున్నాడు. నెమలి బొమ్మ ఒకే ఒక్క కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు గుచ్చి మేకుకి తగిలించాడు. కాగితాన్ని నేల మీద పరిచి బొగ్గుపొడి అద్దితే బొమ్మ పడుతుంది, తిరగేసి అద్దితే అదే బొమ్మ ఎదురుగా చూస్తూ పడుతుంది. "ముందు తీసుకున్నవాడు ఎలా తగిలించి ఉంటే అలా అద్దుకోవాలి. అయ్యాక తిప్పి తగిలించాలి. రెండోవాడు తిప్పకుండా వాడుకోవాలి. ఏది కుడి, ఏది ఎడమ అన్నది ఎత్తాకే చూసుకుందాం. అప్పటిదాకా ఒకడి పనిలోకి ఇంకొకడు తొంగిచూడ్డానికి వీల్లేదు" అన్నాడు.

ముందు తీసుకున్నది బైరాం. బొమ్మ అద్దుకున్నాక ఏ దేవుడు పూనాడో గాని, వాడి జన్మలో మొదటిసారి, చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. కాగితం దులిపి, తిప్పి, మేకుకి తగిలించి, ఇంట్లోకొచ్చి అక్కతో, "కాగితం తిప్పి పెట్టానని మీ ఆయనతో చెప్పు" అన్నాడు.

ఆ పూట ఫిరూజా ఒళ్లో చెక్కాల్సిన పెంకుల పళ్లెం ఉంది. నెమళ్ల తోకల మీది కళ్లన్నీ, ఆ గుండ్రటి చిన్న పెంకులన్నీ, ఆమే ఇంట్లో కూర్చుని చెక్కి పంపేది. బొటనవేలు తెగి మండుతోంది. దానికి తోడు పొద్దున్నుంచి అటొకటి ఇటొకటి మాటలు మోసి ఉంది. "మీకు నోళ్లు లేవా? నేనేమన్నా మీ ఇద్దరి మధ్యా తిరిగే కంచరగాడిదనా? ఇవాళ్టి నుంచి మొయ్యను. కావాలంటే పోయి నువ్వే చెప్పుకో" అని కసిరింది. బైరాం భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. బావతో మాట్లాడటమా? వాడి పౌరుషం చావొద్దూ?

సాయంత్రం ఖుర్రం మేకు దగ్గరికెళ్లి కాగితం తీశాడు. రెండువైపులా బొగ్గు మసే, గుర్తేమీ లేదు. బైరాం వాడుకున్న వస్తువుని తిప్పి పెట్టాడంటే పిల్లి కూడా నమ్మదు. అడుగుదామంటే తెర అడ్డం, పౌరుషం అంతకన్నా అడ్డం. మామగారి మాట నిలబెట్టాల్సిన బాధ్యత తన మీదే పడిందనుకుని, నిట్టూర్చి, తనే కాగితం తిప్పాడు. బొమ్మ అద్దుకుని పనిలో పడ్డాడు.

ఆ చలికాలమంతా తెరకి అటొక సుత్తి, ఇటొక సుత్తి ఒకదానితో ఒకటి పోటీపడి మోగాయి. ఫిరూజా రెండువైపులకీ కళ్లు చెక్కి పంపింది, ఒక్కటి కూడా తక్కువ కానివ్వలేదు. ఆ ఏడాది బట్టీలో నీలం దిగినంత బాగా ఎప్పుడూ దిగలేదని యాదగార్ పొంగిపోయాడు. ఆయనకి చూపు మందగించింది. అయినా చల్లారిన పలకని చెంపకి ఆనించుకుని బాగుందో లేదో చెప్పేవాడు.

పండగకని పళ్లేల్లో పోసిన నవ్‌రోజ్ గోధుమ మొలకలు అప్పుడే తెల్లగా తలెత్తిన రోజున, గచ్చు గట్టిపడ్డ రెండు నెమలి పలకల్నీ గడ్డి పరిచిన బళ్ల మీద ద్వారం దగ్గరికి తీసుకెళ్లి ఎత్తారు. వీధి వీధంతా వచ్చింది. ఫిరూజా కూడా ముసుగు వేసుకుని ఆడవాళ్లలో నిలబడింది. మొదట బైరాంది తిరగేసి తడిగుడ్డతో తుడిచారు. మట్టి కిందనుంచి నీలం, ఆకుపచ్చ, తేనెరంగు ఒక్కసారి బయటపడ్డాయి. జనం నోళ్లు తెరుచుకుని చూశారు. తర్వాత ఖుర్రంది తిరగేశారు. దాని మెడ వంపు చూసి వెనకనించి ఎవరో సుభానల్లా అన్నారు. ఫిరూజా గుండె గర్వంతో నిండిపోయింది. మొగుడూ తమ్ముడూ ఎంత మూర్ఖులైనా చేతుల్లో ఇంత పనుంది కదా అనుకుంది.

రెండిటినీ కమాను కింద చెరోవైపు ఆనించి నిలబెట్టాక అందరూ కొంచెం వెనక్కి జరిగారు. రెండు నెమళ్లూ ఒకే పక్కకి, మైదానం, కోట ఉన్న వైపే చూస్తున్నాయి. ఒకటి రెండోదాని వైపు తోక చూపించి నిలబడింది. అటుదాన్ని ఇటు పెట్టి చూశారు. అప్పుడూ అంతే, ఇది మొహం తిప్పుకుంటే అది దీని తోక చూస్తోంది. రంగులవాళ్ల గుంపులోంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పాకి పాకి ద్వారమంతా నిండింది. ఏమైందో కంటికి సరిగ్గా ఆనక, ఏమైంది ఏమైంది అని యాదగార్ పక్కవాళ్లని అడుగుతూ తిరిగాడు. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి కూతురే వెళ్లి ఆయన చెవిలో చెప్పింది. ఆయన అక్కడే ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

మొగుడు తమ్ముడి వైపు, తమ్ముడు మొగుడి వైపు వేలు చూపించారు, అదీ ఫిరూజాకే చెబుతూ. తిప్పలేదని ఒకడు, తిప్పానని ఒకడు. అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. ఆ రోజు తను మొయ్యనన్న మాట ఇదే. దాచిపెట్టే రకం కాదు ఆమె. నలుగురిలోనూ చెప్పేసింది: వాడు తిప్పిన మాట నిజం, ఈయనతో చెప్పమని నాతో అన్న మాటా నిజం, చెప్పనిది నేను. ఖుర్రం తల దించుకున్నాడు. బావమరిది తిప్పి ఉంటాడన్న ఆలోచనే తనకి రాలేదని నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

మీర్జా ముయీన్ వచ్చి అటూ ఇటూ తిరిగి చూసి గడ్డం నిమురుకున్నాడు. ఆయన మాట నున్నగా జారింది. "కంగారేముంది ఉస్తాద్? రెండు పక్షులూ షా గారి కోట వైపే చూస్తున్నాయి కదా. నోరులేని పిట్టలు కూడా మా ప్రభువుకి సలాము చేస్తున్నాయని నేను దర్బారులో చెప్తాను. ప్రభువు మురిసిపోతారు. మీ ముంగిలి మీకు, నా మాట నాకు."

ఖుర్రం మొహం వెలిగింది. అది నిజమే కదా అన్నాడు. బైరాం కూడా, నిజమే, మొదటినుంచీ అలాగే అనుకుని చేశామంటే సరి అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలాడించారు. యాదగార్ మాత్రం ఇసుకలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆ పెద్దమనిషి అంత చిన్నగా కనపడటం ఫిరూజా ఎప్పుడూ చూడలేదు. అది చూశాక ఆమె ఆగలేకపోయింది.

"ఇన్నేళ్లకి మీరిద్దరూ ఒక్క మాట మీద కలిశారు. అదీ ఈ మాట మీదా?" అంది. "మీర్జా గారు చెప్పినంతకాలం అది సలామే. ఆయన ఇంటికెళ్లిపోయాక? రేపు హెరాత్ నుంచి ఒక పనివాడొచ్చి ఈ ద్వారం కింద నిలబడతాడు. వాడికెవరు చెప్తారు సలామని? వాడు చూసి నవ్వుతాడు. మనం చచ్చాక కూడా నవ్వుతారు. యాదగార్ ఇంట్లో కాగితం తిప్పడం రాదంటారు. లోపలి ముంగిలి పోతే పోనీ. ఈ అబద్ధం మాత్రం మా నాన్న పేరు మీద ఎక్కడానికి వీల్లేదు."

మీర్జా కనుబొమలు ఎగరేశాడు. అయితే మీ ఇష్టం, పండక్కి మొలకలు జానెడయ్యేసరికి ద్వారం పూర్తవ్వకపోతే రంగులవాళ్లు ఎక్కుతారు, తర్వాత నన్ననొద్దు అని చెప్పి గుర్రమెక్కాడు.

గడువులోగా ఒక నెమలిని ఎదురు మొహంతో మళ్లీ చెయ్యాలి. ఒకటి పగలాలి. ఏది పగలాలో చెప్పడానికి తండ్రికీ నోరు రావట్లేదు, కూతురికీ రావట్లేదు. ఒకటి మొగుడిది, ఒకటి తమ్ముడిది. తప్పు నాది కాబట్టి నాదే పగలగొట్టమని ఖుర్రం అన్నాడు. బైరాం ఆ మాట విననట్టు రెండు నెమళ్ల మధ్యా నిలబడి ఒకదాన్ని చూసి, ఇంకోదాన్ని చూసి, మళ్లీ మొదటిదాన్ని చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"బావా, ఆ సుత్తి ఇటివ్వు."

అక్క ద్వారా కాదు, సూటిగా. ఖుర్రం నడుముకి దోపుకున్న సుత్తి తీసి ఇచ్చాడు. బైరాం వెళ్లి తన నెమలి ముందు కూర్చున్నాడు. "నీ దాని మెడ చూడు, ఇప్పుడే నీళ్లు తాగి లేచినట్టుంది. నా దాని మెడ పారకర్రలా ఉంది. ఎత్తినప్పుడే చూశాను. ఒప్పుకోడానికి ఇంతసేపు పట్టింది, అంతే" అన్నాడు. ఒక్కగానొక్కసారి బుద్ధిగా పని చేస్తే అదీ ఎవడూ నమ్మలేదని గొణుక్కుంటూ, సుత్తి ఎత్తి నెమలి మెడ మీద కొట్టాడు.

పెంకులు చెల్లాచెదురయ్యాయి. రంగులవాళ్లు నవ్వడం మానేశారు. చేతిలో పని తెలిసిన ఎవడికైనా ఆ దెబ్బ తన ఒంటి మీద పడ్డట్టే ఉంటుంది. బైరాం రెండో దెబ్బకి తోక వైపు తిరిగేసరికి ఫిరూజా పరుగెత్తి వాడి మణికట్టు పట్టుకుంది.

"తోక జోలికి పోకు. ఆ కళ్లు నావి. గుండ్రటివాటికి అటూ ఇటూ ఏముంటుంది? ఊడదీస్తే మళ్లీ పనికొస్తాయి. ఒంటివీ ఈకలవీ కొత్తవి చెక్కితే చాలు."

యాదగార్ ఇసుక మీంచి లేచి బట్టలు దులుపుకున్నాడు. ఇంకా కూర్చున్నారేం, బట్టీ రాజెయ్యండి అన్నాడు.

ఆ మధ్యాహ్నమే చాప తెర ఊడిపోయింది. ఎవరు ఊడదీశారో ఎవరూ చెప్పలేదు. దాన్ని నేల మీద పరిచి దాని మీదే అందరూ బారుగా కూర్చున్నారు. ఫిరూజా ముసుగు చెవుల వెనక్కి దోపుకుని వచ్చి తమ్ముడి పక్కన చోటు చూసుకుంది. ఆడమనిషి కార్ఖానాలో ఏమిటని వీధిలో గుసగుసలు పోయినవాళ్లు పోయారు, ఆవిడ మాత్రం లేవలేదు. పాత తోకని నానబెట్టి కళ్లన్నీ ఒకటొకటిగా ఊడదీసింది. ఖుర్రం మెడ ఈకలు చెక్కుతూ, ఆ వంపు ఎలా తేవాలో బావమరిదికి చేత్తో చూపించాడు. బైరాం నేర్చుకున్నాడు, నేర్చుకుంటూనే కాషాన్ వాళ్లంతా తమ ఊరి తోటల్లో గులాబీలు వాసన చూసి చూసి మెత్తబడ్డ మనుషులని ఎగతాళి చేశాడు. ఖుర్రం నవ్వాడు. ముసలాయన సుత్తి చేతులు మారుతూ పోయింది. యాదగార్ చెంపకి పలకలు ఆనించుకుంటూ, ఇది పండింది, ఇది ఇంకా పండాలి అని కేకలేశాడు. రంగులవాళ్ల పెద్ద ఒకరోజు వచ్చి తన బట్టీ కోసం తెచ్చుకున్న ఎండు కట్టెల మోపు ఒకటి గుమ్మంలో దింపి పోయాడు. ఆయన్ని ఆ ఇంట్లో ఆ తర్వాత ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు.

మొలకలు జానెడయ్యాయి. పలక లేచింది. తిరగేసి తడిగుడ్డతో తుడిచి కమాను మీదికెక్కించారు. ఈసారి వీధి వీధంతా ఊపిరి బిగబట్టి చూసింది. రెండు నెమళ్లూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి, మధ్యలో పూలతీగ. కింద నిలబడి చూస్తే ఏది కొత్తదో, ఏది పాతదో, ఏది ఎవరి చేతిదో చేసిన ఆ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. యాదగార్ నిచ్చెన వేయించుకుని పైకెక్కి రెండు మెడలనీ వేళ్లతో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఏది ఎవరిదో నాకే తెలియట్లేదురా" అన్నాడు కిందికి చూస్తూ. అలా అంటున్నప్పుడు ఆయన మొహంలో ఉన్న గర్వం ఫిరూజా అంతకుముందు ఎన్నడూ చూడలేదు. షా బంగారు సుత్తి చేయించి ఇచ్చినా అంత గర్వం ఉండేది కాదు.

షా వచ్చాడు, ద్వారం కింద గుర్రం ఆపి తలెత్తి చూశాడు. ఏమన్నాడన్నది ఊళ్లో తలా ఒక రకంగా చెప్తారు. మా వీధిలో దాని గురించి పట్టింపు లేదు. లోపలి ముంగిలి నాలుగు గోడలూ యాదగార్ ఇంటికే ఇమ్మన్న మాట మాత్రం మీర్జా ముయీన్ స్వయంగా వచ్చి చెప్పాడు. పక్షులు ఒకదాన్నొకటి చూసుకుంటేనే అందమని తను మొదటే అన్నానని కూడా చెప్పాడు. ఫిరూజా ఆయనకి షర్బత్ ఇచ్చి ఊరుకుంది.

నవ్‌రోజ్ పండగ గడిచి మొలకల్ని నదిలో వదిలేశాక ముంగిలి పని మొదలైంది. కొత్త కాగితం, ఈసారి కోలగా పైకి సాగే సరూ చెట్లూ వాటి కొమ్మల్లో పిట్టలూ. బైరాం ముందు తీసుకుని బొగ్గు అద్దుకున్నాడు. మూట విప్పింది విప్పినట్టే వదిలేశాడు, ఆకురాయి ఎక్కడో పడేశాడు. కాగితం మాత్రం తీసుకెళ్లి మేకుకి తగిలించాడు. ఫిరూజా చేతిలో పెంకు పట్టుకుని, చెక్కడం ఆపి, చూస్తూ కూర్చుంది.

"తిప్పాను బావా" అన్నాడు బైరాం, తలెత్తకుండానే.

"సరే" అన్నాడు ఖుర్రం. మేకు మీంచి కాగితం తీసి, ఎటువైపు ఉందో ఒక్కసారి కూడా చూడకుండా, అలాగే నేల మీద పరిచి బొగ్గుపొడి అద్దడం మొదలుపెట్టాడు.

ఫిరూజా మళ్లీ తన పెంకు చెక్కబోయింది. కళ్లలో నీళ్లు నిండి గీత కనపడలేదు. సుత్తి పక్కకి పోయి పెంకు రెండు ముక్కలైంది. ఆ ఇంట్లో ఆమె చేతిలో పెంకు పగలడం అదే మొదటిసారి.